కమిలిన చేతులు

ఉడికిన కోడిగుడ్డు పెంకు వలిచి, కమిలింది తగ్గాలని వేడివేడిగా కూతురి జబ్బ మీద దొర్లిస్తోంది లువా. పాత మచ్చ ఇంకా పోనేలేదు. పక్కనే ఇంకోటి, నేరేడుపండు రంగులో.

"నిజం చెప్పు దియెప్. కొట్టాడు కదూ?"

"లేదమ్మా, ఎన్నిసార్లు చెప్పను? వాటంతటవే వస్తున్నాయి."

"మొగుడు కొట్టిన ప్రతి పెళ్లామూ ఇదే మాట చెబుతుందిలే."

దియెప్‌కు వాదించే ఓపిక కూడా లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం. దానిక్కూడా లువా అల్లుణ్ణే తిట్టింది.

ఇంటి ముందు మెకాంగ్ నది కాలవలో పడవ ఆగింది. అల్లుడు ఖాంగ్ రెండు కొర్రమీనులు పట్టుకుని రేవు మెట్ల మీదే నిలబడ్డాడు. దియెప్‌ను పుట్టింటికి తెచ్చేసుకున్నప్పటి నుంచి లువా అతన్ని గడప తొక్కనివ్వడం లేదు.

"మా అమ్మ మీద ఒట్టు అత్తయ్యా. దాని మీద ఏనాడూ చెయ్యెత్తలేదు."

"నోర్ముయ్! పళ్లు రాని పిల్లకు ముద్ద ముద్దా నమిలి పెట్టి పెంచుకున్నాన్రా దీన్ని. నీ చేతి దెబ్బలు తినడానికా?"

రేవులో ఉన్న ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా ఔనౌనని తలలూపారు. ఖాంగ్ చేపల్ని మెట్టు మీద పెట్టి వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఏం చెప్పినా నమ్మరని అతనికి అర్థమైపోయింది.

పుట్టింటికొచ్చిన పదో రోజుకి దియెప్ ఒంటినిండా కొత్త మచ్చలు. ఈ పది రోజుల్లో ఆమెను ముట్టుకున్నది తల్లి ఒక్కతే. లువా బెదిరిపోయింది. కన్నతల్లినై ఉండి ఏమీ చేయలేకపోతున్నానని ఏడ్చింది. చివరికి తానే అల్లుడికి కబురు పెట్టింది. ముగ్గురూ పడవలో పట్నం ఆసుపత్రికి వెళ్లారు.

పరీక్షల కాగితాలు చూసి డాక్టరమ్మ చెప్పింది. "కడుపులో ఓ సూక్ష్మక్రిమి చేరింది. దానివల్లే అయ్యుండొచ్చు, రక్తం గడ్డకట్టించే కణాలు బాగా పడిపోయాయి. ఎవరూ కొట్టక్కర్లేదు, కాస్త గట్టిగా పట్టుకున్నా కమిలిపోతుంది."

ఖాంగ్ గోడకు ఆనుకుని కూలబడి, కళ్లు తుడుచుకున్నాడు. లువాకు మాత్రం ఇంకా కసి తీరలేదు.

"ఆ క్రిమి వీడి ఎంగిలి నుంచే అంటుకుని ఉంటుంది. అంతేగా డాక్టరమ్మా?"

డాక్టరమ్మ మందులు రాస్తూ, తలెత్తకుండానే అంది.

"భర్త నుంచి తక్కువమ్మా, ఇది ఎక్కువగా పసితనంలోనే వస్తుంది, అన్నం నమిలి పెట్టినవాళ్ల నోటి నుంచి."