ఆదివారం తూకం

“వీధి తలుపు గడియ వేశావా?” మన్హర్‌భాయి మూడోసారి అడిగాడు.

“వేశాను. దొంగసరుకు దాచినవాళ్ళలా ఆ కంగారేంటండీ,” అంది భార్య విమళాబెన్, బరువు తూచే యంత్రాన్ని సామాన్ల గదిలోకి కాలితో తోస్తూ.

దొంగసరుకైతే ఇంత భయం ఉండేది కాదు. నడియాద్‌లో వాళ్ళ పేట మద్యనిషేధ కమిటీకి పద్దెనిమిదేళ్ళుగా ఆయనే అధ్యక్షుడు. సారా వాసన కూడా ఎరగడు. నెయ్యీ, జిలేబీ, గాఠియా మాత్రం కడుపారా ఎరుగును. ఆ పాపమే పండి కాలేయానికి కొవ్వు పట్టింది. ఇంకో ఆరు నెలలు ఇలాగే తింటే కాలేయం గట్టిపడుతుందనీ, ఆపైన తన చేతుల్లో ఏమీ ఉండదనీ డాక్టరు చెప్పేశాడు. ప్రతి ఆదివారం ఫోన్లో వీడియో ద్వారా జరిగే ఆహార నియమాల బృందంలో ఆ డాక్టరే చేర్పించాడు.

కానీ ఆ పేటలో కాలేయం చెడిందంటే తాగాడనే అర్థం. పోయినేడు కమిటీ కార్యదర్శి రమ్నిక్‌లాల్ జేబులోంచి ఇదే జబ్బు చీటీ జారిపడింది. అతను నెత్తీనోరూ కొట్టుకున్నా ఎవరూ వినలేదు. నిప్పు లేనిదే పొగ రాదని తేల్చి, పదవి పీకేశారు. ఆ తీర్మానం మీద మొదటి సంతకం మన్హర్‌భాయిదే. ఏడుగురి కమిటీలో ఐదుగురు వస్తే సభ చెల్లుతుంది. ఏళ్ళ తరబడి ప్రతి సమావేశంలోనూ తలలు లెక్కపెట్టి, “కోరం సరిపోయింది అధ్యక్షా” అని చెప్పిన మనిషి, ఆ రోజు తలొంచుకుని వెళ్ళిపోయాడు.

రాసిపెట్టి ఉన్నట్టు ఆ రమ్నిక్‌లాలే ఈ బృందంలోనూ ఎదురయ్యాడు. కెమెరా తెరిచి కూర్చునేది అతనొక్కడే. పోవలసిన పరువు ఎప్పుడో పోయింది, ఇంకేం భయం? తెరమీద మిగతా ఐదుగురి గళ్ళూ నల్లగానే ఉండేవి. అందులో ఒకటి ‘వడోదర ప్రకాశ్’. ఆ పేరు పెట్టుకుని, ముక్కు నొక్కిపట్టి మాట్లాడేది మన్హర్‌భాయే. భుజ్ అని ఒకరు, జామ్‌నగర్ అని ఒకరు చెప్పేవారు. దూరపు ఊళ్ళవాళ్ళు, వాళ్ళకేం అని ఆయన కుళ్ళుకునేవాడు.

మరీ ప్రాణసంకటం బుధవారాలు. కమిటీ సమావేశంలో నూనెలో వేయించిన గాఠియా పళ్ళెం ముందుకొస్తే నోరు కట్టుకోవడం ఒక ఎత్తు, ఎందుకు తినవని అడగకుండా చూసుకోవడం ఒక ఎత్తు. అదృష్టం కొద్దీ ఈమధ్య సభ్యుల్లో ఒకరికి ఉపవాసం, ఒకరికి పంటినొప్పి, నటుభాయికి ఎండదెబ్బ. పళ్ళెం నిండుగా వెనక్కి పోతున్నా ఈయన వంక ఎవరూ చూడలేదు.

సరిగ్గా ఎనిమిదింటికి బృందాన్ని నడిపే హేతల్‌బెన్ తెరమీదకొచ్చింది. మీరు రాసి పంపే బరువులు నేను నమ్మనని పోయినవారమే చెప్పానంది.

“ఇవాళ అందరూ నా కళ్ళముందే తూకం ఎక్కాలి. ఒక్క నిమిషం చూస్తాను. కెమెరా తెరవనివాళ్ళ పేరు కొట్టేస్తాను.”

దొంగకు తేలు కుట్టినట్టు నల్లగళ్ళన్నీ కిక్కురుమనలేదు. రమ్నిక్‌లాల్ మాత్రం నింపాదిగా తూకం ఎక్కి దిగాడు.

“తెరవండి,” అంది విమళాబెన్ పక్కనుంచి.

“రమ్నిక్ చూస్తాడే. సాయంత్రానికి పేటంతా తెలుస్తుంది. నన్నూ అలాగే గెంటేస్తారు.”

“గెంటనివ్వండి. పదవి పోతే మీరుంటారు. మీరు పోయాక ఆ పదవిని నేనేం చేసుకోను?”

మన్హర్‌భాయికి ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రోజు రమ్నిక్‌లాల్ ఎంత నరకం పడ్డాడో ఇప్పటికి తెలిసొచ్చింది, సిగ్గుతో చచ్చినంత పనైంది.

“ఇంకా ఇరవై సెకన్లు,” అంది హేతల్‌బెన్.

ఆయన గట్టిగా కళ్ళు మూసుకుని కెమెరా గుర్తు నొక్కాడు. ముక్కు మీదినుంచి చెయ్యి తీసేశాడు.

“రమ్నిక్, నేనే. నీకు అన్యాయం చేశాను. క్షమించు,” అన్నాడు.

విమళాబెన్ భుజం తట్టి, నల్లగళ్ళన్నీ ఒక్కొక్కటే వెలుగుతున్నాయి, కళ్ళు తెరిచి చూడమంది. ఆయనకు ధైర్యం చాల్లేదు. రమ్నిక్‌లాల్ గొంతు సవరించుకోవడం వినిపించింది.

“ఐదుగురున్నారు, కోరం సరిపోయింది అధ్యక్షా.”