మొదటి ముద్ద

"ఓ అవ్వా! స్పీకర్‌కు జర దూరం నిలబడు. వైర్ తొక్కుతానవ్!"

కొత్తవాడ గల్లీలో బతుకమ్మ ఆట జోరు మీదుంది. మెడకు కొంగు చుట్టుకున్న ఆ ముసలమ్మ మాత్రం ఆట దిక్కే చూడటం లేదు. స్పీకర్‌కు చెవి ఆనించి నిలబడింది.

హరీశ్‌కు ఒళ్ళు మండింది. మండదా మరి! రాక రాక తన పాటకు ఒక రోజొచ్చింది. వాడలోని మగ్గాల మీద తానే పాట రాసి, ఫోన్లో ఏఐ యాప్ తెరిచి, అందులో ఉన్న గొంతుల్లో ఒక అవ్వ గొంతు ఎంచుకుని పాడించాడు.

"మిషన్ పాటకు ఎవరాడుతర్రా?" అని ఈ పొద్దుటి దాకా వాడంతా నవ్వింది. ఆడవాళ్ళు అడుగేస్తే పాట రాసిన హరీశ్. లేకుంటే ఎప్పటిలాగా మైక్ సెట్ హరీశే.

ఇప్పుడు చూడాలి! ఒక్కరి అడుగూ తప్పడం లేదు. ఆ గొంతు 'ఉయ్యాలో' అనడమే ఆలస్యం, గల్లీ అంతా అందుకుంటోంది.

ముసలమ్మ హరీశ్ భుజం తట్టి, చెయ్యి పైకి లేపింది. సౌండ్ పెంచమని.

"ఇంకెంత పెంచాలె? చెవులు వినబడయా ఏంది?"

ఆమె నవ్వి, మళ్ళీ చెయ్యి పైకి లేపింది.

ఆట ముగిసింది. వాడకు పెద్దదిక్కయిన సంధ్యారాణి సత్తుపిండి గిన్నె తెచ్చింది. పాట ఎత్తిన మనిషికే మొదటి ముద్ద పెట్టాలన్నది ఆ వాడ కట్టుబాటు. ఏడాదికి ఒక్కరికే ఆ మర్యాద.

"ఈసారి ఎత్తింది మనిషి కాదాయె. ఎవరికి పెట్టాలె?" అంది సంధ్యారాణి.

"మిషన్ నోరేడుందో చూసి పెట్టు!" అని ఎవరో అనేసరికి అందరూ గొల్లుమన్నారు.

"నాకే పెట్టాలె చిన్నమ్మా. పాడిపిచ్చింది నేను గాదా?" హరీశ్ చెయ్యి చాపాడు.

సరిగ్గా అప్పుడే పక్కనుంచి ఇంకో చెయ్యి ముందుకొచ్చింది. ముసలమ్మది.

"ఆగవ్వా! ఆకలైతే తర్వాత పెడ్తరు. ఇది పాట ఎత్తినోళ్ళకే."

ఆ చెయ్యి గాల్లోనే ఆగింది. ఆమె స్పీకర్‌ను చూసింది, హరీశ్‌ను చూసింది. అదే చేత్తో అతని తల నిమిరి, తలెత్తుకుని గల్లీ మలుపు తిరిగిపోయింది.

ముద్ద హరీశ్ నోట్లో పడింది. చప్పట్లే చప్పట్లు. ఇక వాణ్ణి పట్టేవాళ్ళు లేరు!

ఇంతలో ఒక పిల్ల ఉరుక్కుంటూ వచ్చింది.

"అన్నా, మా అమ్మమ్మ మొగిలమ్మ ఇటొచ్చిందా? మెడకు కొంగు చుట్టుకుంటది. దవాఖానల చూపిచ్చుకొని తొర్రూరు బస్సుకు పోతుంటే, ఈ పాట వినంగనే ఆటో దిగి ఉరికింది."

"ఇప్పుడే పోయింది. ఒక్క మాటన్న మాట్లాడలే."

"ఎట్ల మాట్లాడుతది? ఆపరేషన్ల గొంతు తీసేసిన్రు."

హరీశ్ నోట్లో ముద్ద అప్పటికే అయిపోయింది.

పిల్ల స్పీకర్ వైపు గర్వంగా చూసింది.

"గొంతు పోతదని డాక్టర్లు చెప్పంగనే, ఊరూర నా పాటకు ఆడాలె అని ఏఐ యాపోళ్ళ దగ్గర కూసోని తన గొంతంతా రికార్డు చేయించింది. ఇందాకటి దాకా మీ గల్లీల పాట ఎత్తింది మా అమ్మమ్మనే అన్నా!"