స్టేషన్ దాకా

చంద్రకళ మొగుడి చొక్కాలను సంచిలో కుక్కుతోంది. మడత పెట్టడం లేదు, కుక్కుతోంది.

మిలిటరీ వాళ్లు వాడి అమ్మేసిన ఖాకీ సంచి అది. వీపుకు తగిలించుకోవడానికి రెండు పట్టీలున్నాయి. దానితో రామకిషన్ ఒక్కడే ప్రపంచమంతా తిరిగి వస్తాడట. బొంబాయిలో ఓడెక్కి బస్రా. అక్కడి నుంచి దొరికిన లారీ పట్టుకుని ఇస్తాంబుల్. ఆపైన కాళ్లు ఎటు లాగితే అటు.

లోపలి గది గుమ్మంలో కూర్చున్న లక్ష్మీబాయికి కొడుకు మీద కోపం లేదు. ఉన్న కోపమంతా కోడలి మీదే.

“మొగన్ని కట్టేసుకునుడు చేతకాలే. సంచన్న సక్కగ కట్టు.”

“కట్టేసుకోనీకి ఎద్దా అత్తమ్మా?”

రామకిషన్ నవ్వి, బూటు లేసులు బిగించుకున్నాడు.

“దారిల తిండెట్లరా?” అంది తల్లి.

“హోటళ్లల్ల గిన్నెలు కడుగుత. ఇంత పెడ్తరు తియ్యే.”

“ఈడ తాగిన గిలాస తియ్యడు,” చంద్రకళ తలెత్తకుండానే అంది. “ఇస్తాంబుల్ల గిన్నెలు తోముతడట!”

వాళ్లుండే చాందాకు అప్పటికింకా చంద్రపూర్ అన్న పేరు రాలేదు. మధ్యప్రదేశ్‌లోని ఊరు బొంబాయి రాష్ట్రంలో కలిసి నాలుగేళ్లయినా కాలేదు. వచ్చే నెల నుంచి మహారాష్ట్ర అంటున్నారు.

“ఇంట్ల కూసునే మూడు రాష్ట్రాలు తిరిగినం,” అంది లక్ష్మీబాయి. “నీకింక ఎన్ని తిరగాలెరా?”

నవ్వించాలని కాదు. ఆమెకు భయంగా ఉంది. ఆ గడప దాటి వెళ్లి తిరిగి రానివాళ్లు ఆమెకు బాగా తెలుసు. తమ్ముడు రంగూన్ వెళ్లాడు, రాలేదు. భర్త సరుకు కోసం బల్లార్షా వెళ్లాడు. తొందరలో ‘పోయొస్త’ అనకుండా ‘పోతున్న’ అని బండెక్కాడు. దారిలోనే గుండె ఆగింది. ఆ మాటే పట్టి లాగిందని ఆమె నమ్మకం. కొడుకు విషయంలో ఒక్క పొరపాటూ జరగనివ్వదలచుకోలేదు. పెరుగన్నం తినిపించింది. దేవుడి ముందు దీపం పెట్టించింది. తను విధవరాలు కాబట్టి వీధి గుమ్మం దగ్గరికి రాకుండా లోపలే కూర్చుంది.

బయట టాంగా వచ్చి ఆగింది.

“లే. స్టేషన్ దాంక పో,” అంది కోడలితో.

“నేను పోను. పెండ్లయినకాడికెల్లి నాగపూర్ సూపియ్యమంటే తీరలేదన్నడు. నన్ను గూడ తీస్కపో అంటే, ఒక్కడు తిరిగితేనే తిరుగుడన్నడు. ఆయన రైలుకు నేను చెయ్యూపాల్నా?”

“నేను ఎదురు రావద్దు గనక నీకు చెప్తున్న. ముత్తయిదువ సాగనంపితే మొగోడు మళ్ల ఇల్లు చేరుతడు.”

“చేరకుంటే?”

లక్ష్మీబాయి రెండు చెవులూ మూసుకుంది.

“నోర్ముయ్! మొగన్ని సాగనంపని ఆడదానికి ఈ ఇంట్ల జాగ లేదు. ఇన్నవా? జాగ లేదు!”

“పోనియ్యే అమ్మా, గింత దానికి...” అన్నాడు రామకిషన్, సంచి పట్టీ పొడుగు సరిచూసుకుంటూ.

చంద్రకళ అత్త వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. లోపలికి వెళ్లింది. ఉతికిన చీర కట్టుకుని, చంకలో చిన్న మూటతో బయటికొచ్చింది.

ఆ మూటేంటన్న మాట లక్ష్మీబాయి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ప్రయాణం వేళ ఏంటి, ఎక్కడికి అని అడగకూడదు. దారిలో తినడానికి వాడికి సర్వపిండి కట్టుంటుందిలే, ఎంతైనా పెళ్లాం కదా అనుకుంది. మనసు కాస్త మెత్తబడింది. గొంతు మాత్రం మెత్తబడలేదు.

“బీగాలు ఇటియ్యి. స్టేషన్ల పడగొడ్తవు.”

చంద్రకళ నడుము దగ్గరి తాళంచెవుల గుత్తి తీసి ఆమె చేతిలో పెట్టింది.

“పోయొస్తనే అమ్మా!” వీధిలోంచి రామకిషన్ కేక వేశాడు. లక్ష్మీబాయి పట్టి ఉంచిన ఊపిరి వదిలింది.

“పోతున్న అత్తమ్మా,” అంది చంద్రకళ.

“పోయొస్త అనాలె! వాడు బయల్దేరంగ నోట్లకెల్లి గదేం మాట?”

“ఊరు పొయ్యేది నీ కొడుకు. ఆయన అననే అనె గద.”

టాంగా కదిలింది. గుర్రపు డెక్కల చప్పుడు బజారు గోలలో కలిసిపోయింది. లక్ష్మీబాయి గోడకు ఆనుకుని, గుర్తొచ్చిన దేవుడినల్లా మొక్కుతూ కూర్చుంది.

ఎట్టకేలకు వార్ధా వైపు పోయే బండి కూత వేసింది. ఆమె చెంపలు వేసుకుంది. వెళ్లినవాళ్ల బండి కదలకముందు ఇల్లు ఊడిస్తే వాళ్లు మళ్లీ రారంటారు. ఇప్పుడు ఫరవాలేదు. లేచి చీపురు అందుకుంది. గదులు ఊడ్చింది, వాకిలి ఊడ్చింది. ఊడుస్తుండగానే ఎదురు దిక్కున కాజీపేట వైపు పోయే బండి కూడా కూసింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

రామకిషన్ ప్రపంచం చుట్టి 1963లో క్షేమంగా ఇల్లు చేరాడు. తిరిగి రానిది, 1960 ఏప్రిల్‌లో అతన్ని సాగనంపడానికి స్టేషన్ దాకా వెళ్లిన చంద్రకళ.