చెయ్యెత్తని మనిషి

ఊళ్లో ఏ సభకైనా జనాన్ని తోలేది మేస్త్రీయే. ఈసారి బేరం కంపెనీది. బస్టాండును ఇకనుంచి మున్సిపాలిటీ, కంపెనీ కలిసి నడుపుతాయట. జనం ఏమంటారో అడగడానికి పెద్ద అధికారి వస్తున్నాడు. హాలు నింపితే చాలు, మిగతాది తాము చూసుకుంటామన్నాడు కంపెనీ మేనేజరు. పని జరిగితే కొత్త బస్టాండులో క్యాంటీను మేస్త్రీ పెళ్లానికి. నలుగురిళ్లలో అంట్లు తోమే బాధ ఆమెకు తప్పుతుంది.

మేస్త్రీ పని తెలిసినవాడు. తనవాళ్లను గుంపుగా కూర్చోబెట్టకుండా అక్కడొకరిని, ఇక్కడొకరిని చల్లాడు. ఇద్దరు ముసలాళ్లకు ముందు కాసేపు నసిగి, తర్వాత ఒప్పుకోమని నేర్పాడు. బావమరిదికి మాత్రం నోరెత్తొద్దని గట్టిగా చెప్పాడు. వాడికి ఉత్సాహం ఎక్కువ.

తీరా చూస్తే చివరి వరుసలో ఎవరో ఒకావిడ. తన మనిషి కాదు. అధికారి మాట పూర్తికాకుండానే లేచి, బస్టాండు జనం సొత్తనీ, కంపెనీ చేతిలో పెడితే బెంచీ మీద కూర్చున్నా టికెట్టు కొడతారనీ దులిపేసింది.

టీ విరామంలో మేస్త్రీ వెళ్లి ఆవిడ పక్కన కూలబడ్డాడు.

"అక్కా, నిన్నెవరు పంపారు?"

"ఎవరో పంపడమేంటి? నా అంతట నేనే వచ్చా."

సభకి తనంతట తాను వచ్చిన మనిషిని చూడటం మేస్త్రీకి అదే మొదటిసారి. బెదిరిద్దామంటే మీద పడేలా ఉంది. కాళ్లావేళ్లా పడ్డాడు. పెళ్లాం కష్టం ఏకరువు పెట్టాడు. ఆవిడ కదల్లేదు. క్యాంటీనులో సగం వాటా అనేసరికి మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"నిన్ను చూస్తే జాలేస్తోంది తమ్ముడూ" అంది.

ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమని అధికారి అన్నప్పుడు అందరికంటే ముందు ఆవిడ చెయ్యే లేచింది. వెనకే హాలంతా లేచింది. మేస్త్రీ పొంగిపోయాడు.

అధికారి ఆ చేతులవంక కాసేపు చూశాడు. వీధి కుళాయి ఎక్కడ పెట్టాలన్నా కొట్టుకునే ఊరు ఇలా ఒక్క మాట మీద నిలబడిందంటే ఇది అద్దె జనమేనని తేల్చేసి, బస్టాండు ఒప్పందాన్నే పక్కన పడేసి వెళ్లిపోయాడు.

మెట్ల దగ్గర మేనేజరు మేస్త్రీ కాలరు పట్టుకున్నాడు. చివరి వరుస ఆవిడ చెయ్యెందుకు ఎత్తిందని అడిగాడు.

"ఊరికే ఎత్తిందా సార్? సగం క్యాంటీను ఇస్తానని నేనే ఒప్పించా" అన్నాడు మేస్త్రీ, ఇంకా గొప్ప చావక.

మేనేజరు తల పట్టుకున్నాడు.

"సభ నిజమైందేనని అధికారి నమ్మాలని, చచ్చినా చెయ్యెత్తొద్దని చెప్పి మేం తెచ్చుకున్న మనిషయ్యా ఆవిడ."