పక్క సీటు

"ఆపండి, ఆపండి! పోలీసు చెయ్యెత్తాడు!" అని అరిచింది భార్య.

"ఎక్కడ?" అన్నాడు డ్రైవరు.

"ఎక్కడేమిటండీ, నా ఖర్మ! బండి ముందే!"

తెల్లటి బ్రెడ్డు వ్యాన్ కీచుమంటూ ఆగింది. కానిస్టేబులు ఒక్క గెంతు గెంతి పక్కకి తప్పుకున్నాడు. చచ్చి బతికిన కోపమంతా చూపిస్తూ బానెట్ మీద లాఠీతో ఒక్కటిచ్చాడు.

"ఎర్ర లైటు పడ్డాక దూసుకొస్తావా? కళ్ళు కనపడట్లేదా?"

డ్రైవరు గుండె జారిపోయింది. అది ఊరికే తిట్టే తిట్టని తెలుసు, అయినా జారిపోయింది. ఎందుకంటే నిజంగానే అతనికి కళ్ళు కనపడట్లేదు. చూపుకి నడిమధ్య అరచేతంత చీకటి. చుట్టూ అంచుల్లో మాత్రం మసకమసగ్గా ఆకారాలు. ఇక బాగుపడదని డాక్టరు తేల్చేశాడు. అప్పట్నుంచీ భార్య పక్క సీట్లో కూర్చుని లైట్లూ, మలుపులూ, మనుషులూ చెబుతుంటే అతను స్టీరింగు తిప్పుతున్నాడు. బేకరీవాళ్ళ దృష్టిలో ఆవిడ బ్రెడ్డు దించడానికి వచ్చే మనిషి.

"తుమ్మొచ్చిందండీ," అంది ఆవిడ మొగుడి చెవిలో, ఏడుపుగొంతుతో. "కళ్ళు మూసి తెరిచేలోగా లైటు మారిపోయింది."

"లైసెన్సు తీసుకుని దిగు. ఇన్‌స్పెక్టరుగారు పిలుస్తున్నారు," అన్నాడు కానిస్టేబులు.

భార్య అతని చొక్కా పట్టుకుని గుసగుసలాడింది. "నిజం చెప్పేద్దామండీ. ఆయన గెంతాడు గనక సరిపోయింది. రేపు ఎవరి బిడ్డో అడ్డం వస్తే?"

"నోరు మూసుకో. లైసెన్సు లాక్కుంటే మన నోట్లో మట్టే. ఈ చక్రం తిప్పడం తప్ప నాకింకేం చేతనవును?"

అన్నాడేగానీ, అతనికీ లోపల అదే భయం. ఏ రోజుకారోజు ఇదే ఆఖరనుకుంటాడు. తెల్లారితే మళ్ళీ తాళంచెవి వెతుక్కుంటాడు.

కానిస్టేబులు జబ్బ పట్టుకుని నడిపించాడు. రోడ్డు పక్క పోలీసు వ్యాన్ ఆపుకుని, గొడుగు కింద బల్ల వేసుకుని కూర్చున్నాడు ఇన్‌స్పెక్టరు. డ్రైవరు వెళ్ళి వెళ్ళి ఆ బల్లకే గుద్దుకున్నాడు.

"తాగావా?"

"లేదు సార్."

"ఊదు."

గొట్టం ఎటువైపు ఉందో తెలియక డ్రైవరు నోరు తెరుచుకు నిలబడ్డాడు. కానిస్టేబులే విసుక్కుంటూ నోట్లో పెట్టాడు. ఊదాడు. ఏమీ లేదు.

"మరెందుకయ్యా ఈ తడబాటు?"

"పోలీసులంటే చిన్నప్పట్నుంచీ భయం సార్. మిమ్మల్ని చూస్తే కాళ్ళూ చేతులూ ఆడవు."

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. తనకి భయపడేవాడంటే ఎవడికి ముద్దు కాదు! "సరేలే. ఇది చదివి సంతకం పెట్టు," అని కాగితం ముందుకి తోశాడు.

డ్రైవరు చేతులు జోడించాడు. "మీరు రాశాక నేను చదివేదేముంది సార్? ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించండి చాలు."

వేలు ఆనింది. ఆ వేలి పక్కనే తడుముకుంటూ గీసేశాడు.

"మొదటి తప్పని వదిలేస్తున్నా, పో. అబ్బబ్బ, ఏం ఎండరా బాబూ!" కుర్చీ కిర్రుమంది. బూట్లు టకటకలాడించుకుంటూ ఇన్‌స్పెక్టరు వెళ్ళిపోయాడు.

డ్రైవరు కాసేపు అక్కడే ఉండిపోయాడు. తప్పించుకున్న సంతోషం మాత్రం ఎంతకీ రాలేదు. రేపూ ఇదే బతుకు, ఎల్లుండీ ఇదే, ఎవణ్ణో ఒకణ్ణి చంపేదాకా ఇదే.

లారీ ఒకటి చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టుకుంటూ పోయింది. రోడ్డు వారగా తెల్లగా, పెద్దగా కనిపిస్తున్నదాని వైపు నడిచాడు. తలుపు తీసి, ఎక్కి కూర్చుని, స్టీరింగు మీద తల వాల్చేశాడు.

"గట్టెక్కామే," అన్నాడు. "ఆ మహానుభావుడికి అనుమానమే రాలేదు. గుడ్డివాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని, సంతకం కూడా పెట్టించుకుని, బండి తోలుకోమని పంపించాడు." తలెత్తాడు. "కోప్పడకే. నువ్వన్నది నిజమే. చెప్పే ధైర్యం నాకు లేదు, అంతే."

పక్కనుంచి ఉలుకూ పలుకూ లేదు. అలిగిందనుకున్నాడు. తాళంచెవి చేతికి తగిలితే తిప్పాడు. ఇంజను అందుకుంది.

"సరే, చెప్పు. ముందెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు," అన్నాడు పక్క సీట్లోంచి ఇన్‌స్పెక్టరు.