డీపీ ఎవరు చూశారు?

“మళ్లీ వచ్చిందాండి?” ముసలయ్యను చూడగానే కౌంటర్ వెనక నుంచి అడిగింది దుర్గాశ్రీ.

“వచ్చిందండి. నాలుగోసారండి,” అంటూ అతను ఫోను బల్ల మీద పెట్టాడు. పెట్టీ పెట్టగానే అది దానంతటదే వెలిగి బట్టతలకు నూనె ప్రకటన చూపించింది. దాన్ని మూస్తే పేకాట, పేకాటను మూస్తే మోకాళ్ల నొప్పుల మందు.

ముసలయ్య రాజుగారి కారు డ్రైవరు. పనిలో చేరి మూడు నెలలైంది. ఊరు రావులపాలెం అవతల. తన ఫోను పాడైన ప్రతిసారీ రాజుగారు కారు తాళం ఇచ్చి, “రాజమండ్రి తీసుకెళ్లు. దానవాయిపేటలో ఆ షాపుకే ఇవ్వు,” అంటారు. దారి పొడవునా సెల్లు షాపులే. అయినా పెద్దవాళ్ల నమ్మకాలు పెద్దవాళ్లవని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాడు. ఇవాళ మాత్రం సరిపెట్టుకునేలా లేదు.

“ఇంట్లో నామీద పడ్డారండి. కార్లో ఫోను నా పక్కనే ఉంటుంది కదా, నేనే ఏదో నొక్కుతున్నానని రాజుగారి భార్య శ్యామలాంబగారి అనుమానం. ఇంకోసారి వస్తే వేరే పని చూసుకోమన్నారు. ఇద్దరు పిల్లలండి నాకు. ఎవరు నొక్కుతున్నారో మీరే తేల్చాలి.”

దుర్గాశ్రీ ఫోను అందుకుంది. తెర మీద కొత్త ఫొటో ఉంది. మొదట్లో విరగబూసిన నందివర్ధనం, తర్వాత ఈనిన గేదె, పోయినసారి కొత్తగా సున్నం వేసిన అరుగు. ఈసారి నల్లకళ్లద్దాలతో పడక్కుర్చీలో శ్యామలాంబగారు.

“అమ్మగారికి కంటి ఆపరేషనా?”

“శుక్లాలండి. వారమైంది.”

“బాగా కనిపిస్తోందా?”

“పేపరు చదివేస్తున్నారండి.”

ఆమె ఫొటో వంకే చూస్తూ ఉండిపోయింది. రోగం వదిలేసి బొమ్మ చూస్తుందేంటని ముసలయ్యకు ఒళ్లు మండింది. ఈలోగా ఆమె భర్త విజయ్ పాల్ ఎప్పటిలాగే టీ తెచ్చిపెట్టి లోపలికి పోయాడు. డ్రైవర్లకు కూడా టీ ఇచ్చే షాపు కాబట్టి ముసలయ్య కోపం దిగమింగుకున్నాడు.

“ఇదిగోండి, ఈ రోగం పుట్టింది ఇక్కడే,” అంది ఆమె చివరికి. వాట్సాప్‌లో తాతాజీ అనే ఆయన ప్రొఫైలు. పేరు కింద ‘మీ డీపీ రోజూ ఎవరు చూస్తున్నారో తెలుసుకోండి’ అని ఒక లింకు.

“రైసు మిల్లు తాతాజీగారండి! ఆయనెందుకు పెట్టారండి?”

“పదిమందికి పంపితేనే జాబితా కనిపిస్తుందని చెబుతుంది. ఆయన ఏకంగా ప్రొఫైల్లోనే పెట్టేసుకున్నారు. జాబితా లేదు, ఏమీ లేదు. డీపీ ఎవరు చూశారో ఎవరూ చెప్పలేరు. నొక్కినవాళ్ల ఫోన్లోకి ఈ ప్రకటనల చెత్త దిగుతుంది, అంతే. పోయినసారి తాతాజీగారిని బ్లాక్ చేసి పంపాను. బ్లాక్ తీసి మరీ నొక్కారు. బ్రౌజర్ హిస్టరీలో వేళ చూడండి, తెల్లవారుజామున అయిదూ పది.”

“నేను డ్యూటీకొచ్చేది ఎనిమిదింటికండి!” ముసలయ్యకు ప్రాణం లేచొచ్చింది.

“ఈ పేజీ ఫొటో తీసి మీకు పంపుతాను. అమ్మగారికి చూపించండి. మీ ఉద్యోగానికి ఏమీ కాదు.”

ఆ సంతోషం టీ చల్లారేదాకా కూడా నిలవలేదు.

“అయితే రాజుగారేనాండి? ఆయన బీఎస్సీ అండి! ఊళ్లో ఎవరికి ఇలాంటిది వచ్చినా ‘నొక్కకండ్రా’ అని కేకలేసేది ఆయనే!”

“తెలిసే నొక్కుతున్నారు.”

“తెలిసి తెలిసి ఎందుకండి?”

ఆమె చెత్తంతా తీసేసి, మళ్లీ ఒకటికి రెండుసార్లు చూసింది.

“ఇదివరకు వచ్చినవి ఒట్టి ప్రకటనలు. ఈసారి దిగింది మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతోంది. పొరపాటున ఇస్తే బ్యాంకు ఓటీపీలు కూడా పోతాయి. ఇంక నొక్కొద్దని చెప్పండి.”

“ఆయనకు నేను చెప్పడమేంటండి!”

“నా మాటగా చెప్పండి.”

“మీ మాట ఆయనెందుకు వింటారండి?”

దుర్గాశ్రీ ఫోనును చున్నీ కొంగుతో తుడిచి అతని చేతికిచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి ముసలయ్య కంగారుపడ్డాడు.

“నాకు ఇంటి ఫొటోలు చూపించడానికి ఫోను పాడవ్వక్కర్లేదు, నాన్నగారిని రమ్మన్నానని చెప్పండి.”