ఆకుపచ్చ ముద్ర

ఆమె గడప దాటీ దాటకముందే తల్లి లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది. ఆ వెంటనే గిన్నెలు దడదడలాడాయి. కూతురితో మాటలు మానేశాక ఆవిడ కోపమంతా గిన్నెల మీదికే పోతోంది.

ముందుగదిలో తమ్ముడితో పాటు మరొకాయన ఉన్నాడు. అద్దకం మిల్లులో అతని పైన ఉండే సూపర్‌వైజరు కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. తమ్ముడు పనిగట్టుకుని రమ్మని కబురు పెట్టింది ఇందుకా అనుకుంది ఆమె.

"రా అక్కా, రా! మా నోట్లో మట్టి కొట్టావుగా, ఎలా ఉన్నామో చూసి పోదువుగాని" అన్నాడు తమ్ముడు.

ఆమెది బ్యాంకులో ఉద్యోగం. ఫ్యాక్టరీలవాళ్ళు అప్పుకు వస్తే, వాళ్ళు చేయబోయే పని గాలికీ నీటికీ మేలు చేసేదా కాదా అని తేల్చాలి. మేలు చేసేదే అయితే ఫైలు మీద ఆకుపచ్చ ముద్ర పడుతుంది, వడ్డీ తగ్గుతుంది. ఆ ముద్ర ఆమె సొరుగులో ఉంటుంది. అందుకే ఆఫీసులో అందరూ ఆమెను పచ్చమ్మ అంటారు.

మిల్లువాళ్ళు కొత్త షెడ్డుకు అప్పు అడిగారు. షెడ్డు కప్పు నిండా సోలార్ ప్యానెళ్ళు, బొగ్గు వాడబోమని హామీ. ముద్ర పడ్డట్టే అనుకున్నారంతా. షెడ్డు లేస్తే తమ్ముడి ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. చంటిపిల్లాడున్న ఇంట్లో అది మామూలు విషయం కాదు. ఈ ఫైలు నాకొద్దు, మా తమ్ముడు అక్కడే పని చేస్తున్నాడని ఆమె ముందే మేనేజరుకు చెప్పింది. "ఈ ఊళ్ళో ఎవరి తమ్ముడు అక్కడ లేడమ్మా?" అని నవ్వేసి ఆయన దాన్ని ఆమె బల్ల మీదే పెట్టాడు.

అంతలో బ్యాంకుకు ఎవరో ఫోటోలు పంపారు. పేరు లేదు. మిల్లు వెనక గోడ కింద, పొదల చాటున, ఒక గొట్టం. అందులోంచి వాగులోకి ముదురు నీలం నీళ్ళు. తీసినవాడికి ఫోటో తీయడం రాదని చూస్తూనే తెలిసిపోతోంది. ప్రతి ఫోటోలోనూ కుడి మూలన వాడి వేలికొస అడ్డం పడింది.

"గొట్టాన్ని పట్టుకున్నాడు గానీ ఫోను పట్టుకోవడం రాలేదు పాపం" అన్నాడు మేనేజరు.

ఆమెకు నవ్వు రాలేదు. ఒకచోట మేలు చేసి ఇంకోచోట కీడు చేస్తే ఆ మేలు లెక్కలోకి రాదు. ముద్రకు ఉన్న నియమం అదే. స్వయంగా వెళ్ళి పొదలు పక్కకు తోసి చూసింది. గొట్టం ఉంది, నీళ్ళూ ఉన్నాయి. ముద్ర వేయలేదు. ఎవరో ఫోటోలు పంపారన్న మాట మిల్లుదాకా పాకింది. సంగతి తెలిశాక తల్లి ఒకే ఒక్క మాట అంది: "తోడబుట్టినవాడి కూడు లాగేసి ఏం బావుకుంటావే?"

"కప్పంతా సోలారే కదమ్మా, ఇంకేం కావాలి?" కుర్చీలోంచి కదలకుండానే అన్నాడు సూపర్‌వైజరు. గొంతులో తేనె కారుతోంది.

"నీళ్ళు శుభ్రం చేసి వదలండి. అప్పుడు ముద్ర వేస్తాను."

"ఆ ఖర్చుతో ఇంకో షెడ్డు లేస్తుంది. పోనీ, ఆ ఫోటోలు పంపిందెవరో చెప్పండి చాలు. మీ తమ్ముడి పర్మనెంటు సంగతి నాకొదిలేయండి."



"చెప్పక్కా!" తమ్ముడు మీదికి వచ్చినంత పని చేశాడు. "ఎవడు వాడు? అసలు నీకు తెలుసా, తెలీదా?"

"తెలీదురా. తెలిసినా చెప్పను."

తమ్ముడు కాసేపు ఆమె కళ్ళలోకి చూశాడు. గట్టిగా ఊపిరి వదిలి, మళ్ళీ లంకించుకున్నాడు.

"దొరకనీ, వాడి చేతులు విరిచేస్తాను! ఆ వాగు నీళ్ళు తాగేది మేమా, నువ్వా? మేం కాచుకుని తాగుతున్నాం. మా పిల్లాడి దద్దుర్లేవో మేం చూసుకుంటాం. మధ్యలో నీకేంటి నొప్పి? ఇంకెప్పుడూ ఈ గడప తొక్కకు!"

సూపర్‌వైజరు లేచి అతని భుజం తట్టాడు. "నువ్వు మనవాడివిరా" అన్నాడు. తమ్ముడు ఆయన్ని సాగనంపడానికి వీధి చివరిదాకా వెళ్ళాడు.

ఆమె అక్కడే కూలబడింది. చంకనేసుకుని తిప్పిన తమ్ముడు. బడిలో ఎవడు కొట్టడానికొచ్చినా పరుగున వచ్చి తన వెనక దాక్కునేవాడు. ఆ తమ్ముడే ఇవాళ గడప తొక్కొద్దన్నాడు. గొట్టం కోసం వాణ్ణి పోగొట్టుకున్నానా అనుకుంది.

మరదలు పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"ఊరుకోండి వదినా. ఆయన కోపం పాలపొంగు, మీకు తెలీనిదా? ఇదిగో, మీ మేనల్లుడి ఫోటోలు చూడండి. కొత్త ఫోను కొన్నప్పటినుంచీ అన్నీ ఆయనే తీస్తున్నారు. నన్ను ముట్టుకోనివ్వరు, ఒక్కటీ తిన్నగా తీయరు."

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోను అందుకుంది. పిల్లాడు నవ్వుతున్నాడు, బోర్లా పడుతున్నాడు, ఆవలిస్తున్నాడు. ఒక్కొక్కటే జరుపుతూ పోయింది.

ప్రతి ఫోటోలోనూ, కుడి మూలన, తీసినవాడి వేలికొస అడ్డం పడి ఉంది.